వీరస్వర్గం ఎవరి ఫలం?

మరణానంతర పురస్కారం అందరూ ఎరిగిన ఏర్పాటే కాబట్టి అందులో ఉన్న చిక్కు సులభంగా కంటికి ఆనదు. ఇవ్వడం అనే క్రియ పూర్తి కావాలంటే పుచ్చుకొనేవాడు ఒకడు ఉండాలి. ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు దానాన్ని నిర్వచిస్తూ, ఒక వస్తువు మీద తనకున్న స్వత్వాన్ని, అంటే యాజమాన్యపు హక్కును, వదులుకొని ఎదుటివాడికి ఆ స్వత్వాన్ని కలిగించడమే దానమని చెప్పి, ఎదుటివాడు దాన్ని ప్రతిగ్రహించాలని, అంటే ఒప్పుకొని చేపట్టాలని కూడా నియమం పెట్టారు. చనిపోయినవాడు దేన్నీ చేపట్టలేడు. అలాంటప్పుడు యుద్ధభూమిలో ప్రాణం విడిచిన సైనికుడి పేరిట రాజ్యం ఇచ్చే పతకం ఎవరికి ఇచ్చినట్టు అన్న సందేహం సహజంగానే పుడుతుంది. పైకి లౌకికంగా కనిపించే ఈ సందేహం వెనుక, భారతీయ మతచింతనలో రెండు వేల ఏళ్లకు పైగా నలుగుతున్న మరో ప్రశ్న ఉంది. పోరులో పడినవాడికి స్వర్గం ఉందా, ఉంటే అది అతడు సంపాదించుకున్న ఫలమా, లేక బతికి ఉన్నవాళ్లు తమ అవసరం కొద్దీ అతడి పేరిట పలికే మాటా?

ఆధునిక సైన్యాలు కూడా ఈ చిక్కును గమనించకపోలేదు. బ్రిటన్‌లో 1856లో ఏర్పడిన విక్టోరియా క్రాస్ తొలి నిబంధనల్లో మృతులకు చోటు లేదు. పతకం బతికి ఉన్న మనిషి రొమ్ము మీద ఉండవలసిన వస్తువన్న భావంతో, అర్హుడైనవాడు చనిపోతే, బతికి ఉంటే సిఫారసు చేసి ఉండేవారమని గెజిట్‌లో ఒక ముక్క రాసి ఊరుకునేవారు. 1879లో ఇసాండ్ల్వానా యుద్ధంనాడు రెజిమెంటు పతాకాన్ని కాపాడబోయి మరణించిన ఇద్దరు అధికారులకు ఆ పతకం 1907లో గానీ దక్కలేదు, మరణానంతరం ఇవ్వవచ్చునన్న మాట నిబంధనల్లోకి స్పష్టంగా ఎక్కింది 1920లో. స్వతంత్ర భారతం 1950 జనవరి 26న, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా, పరమవీర చక్రను నెలకొల్పేనాటికి ఆ తటపటాయింపు మిగల్లేదు. ఇంతవరకు ఆ పతకం 21 మందికి దక్కితే అందులో 14 మందికి మరణానంతరమే దక్కింది. మొట్టమొదటిది అందుకోవలసిన మేజర్ సోమనాథ్ శర్మ అప్పటికి రెండేళ్ల కిందటే కన్నుమూశాడు.

శర్మ 1923 జనవరి 31న నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతంలో సైనిక వైద్యుడి ఇంట పుట్టాడు. నైనీతాల్‌లో, ఆపైన డెహ్రాడూన్‌లోని సైనిక విద్యాలయంలో చదివి, 1942 ఫిబ్రవరిలో 19వ హైదరాబాద్ రెజిమెంటు 8వ బెటాలియన్‌లో అధికారిగా చేరాడు. ఆ రెజిమెంటు పేరు దగ్గర తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగడం న్యాయమే. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ 1813లో కూర్చిన దళాలే హైదరాబాద్ కంటింజెంటుగా స్థిరపడి, కాలక్రమంలో మనుషులను ఉత్తరాది కొండ ప్రాంతాల నుంచి తీసుకోవడం మొదలుపెట్టి, దక్కను పేరును మాత్రం చాలాకాలం మోసుకు తిరిగి, 1945లో కుమావూ రెజిమెంటు అని పేరు మార్చుకున్నాయి. శర్మ మేనమామ మలయాలో జపాన్ సేనలతో పోరాడుతూ చనిపోయాడు. శర్మ స్వయంగా బర్మాలోని అరకాన్ రంగంలో పోరాడాడు. ఈ వివరాల్లో అసాధారణమైనది ఏమీ లేదు. ఆనాటి సైనిక కుటుంబాల్లో ఇలాంటి జీవితాలు ఎన్నో ఉన్నాయి, 1947 నవంబరు 3 రాకపోతే ఇది వాటిలో ఒకటిగానే మిగిలిపోయేది.

ఆ ఏడాది అక్టోబరు 26న కశ్మీర్ సంస్థానం భారతదేశంలో చేరగానే, మరునాటి ఉదయం నుంచి సైన్యం విమానాల్లో శ్రీనగర్‌కు దిగసాగింది. వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన గిరిజన లష్కర్లు లోయలోకి చొరబడి ఉన్నందువల్ల, శ్రీనగర్ విమానాశ్రయం చేజారితే ఇక సేనలు దిగడానికి దారి ఉండదు. హాకీ ఆటలో దెబ్బ తగిలి ఎడమ చేతికి పిండికట్టుతో ఉన్న శర్మ, విశ్రాంతి తీసుకోమన్నా వినక, 4వ కుమావూ బెటాలియన్‌లోని తన కంపెనీతోపాటు వెళ్లాడు. నవంబరు 3న ఆ కంపెనీ విమానాశ్రయానికి దగ్గరలోని బద్గాం అనే పల్లె వద్ద గస్తీకి నిలిచింది. శౌర్య ప్రశంసాపత్రం ప్రకారం సుమారు 500 మంది శత్రువులు మూడు వైపుల నుంచి దానిపై విరుచుకుపడ్డారు. దళానికీ దళానికీ మధ్య ఏ చాటూ లేని నేల మీద శర్మ పరుగెత్తుతూ తన మనుషులను నిలబెట్టాడు. మన విమానాలకు గురి తెలియడం కోసం శత్రువు కళ్లెదుటే నేల మీద గుడ్డ పట్టీలు పరిచాడు. తుపాకులు నడిపేవాళ్లు ఒక్కొక్కరే పడిపోతుంటే, పిండికట్టు ఉన్న చేతితోనే లైట్ మెషిన్‌గన్ మ్యాగజైన్లలో తూటాలు నింపి అందించసాగాడు. ఆ పనిలో ఉండగా ఒక మోర్టార్ గుండు తూటాల కుప్ప మధ్యలో పడి పేలింది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. మూడు రోజుల తర్వాత దేహం దొరికినప్పుడు గుర్తుపట్టడానికి పిస్టల్ పెట్టుకొనే తోలు ఒర, రొమ్ము జేబులోని భగవద్గీత పుటలు ఆధారమయ్యాయి.

జేబులో దొరికిన ఆ పుటలను గురించి రాసేవాళ్లు చాలామంది వాటిని ఒక అలంకారంగా వాడుకొని వదిలేస్తారు. నిజానికి చిక్కంతా ఆ గ్రంథంలోనే ఉంది. రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే మాటల్లో రెండు వేర్వేరు వాదాలు దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. 31వ శ్లోకం నుంచి సాగే మొదటి వాదంలో క్షత్రియుడికి ధర్మయుద్ధం కంటే మేలైనది లేదని, వెనుదిరిగితే లోకం తరతరాలు అపకీర్తి చెప్పుకుంటుందని, చస్తే స్వర్గం, గెలిస్తే భూమి దక్కుతాయని ఉంటుంది. ఇది పూర్తిగా లాభనష్టాల లెక్క. ఆ వెంటనే వచ్చే రెండో వాదం సుఖదుఃఖాలను, లాభనష్టాలను, జయాపజయాలను సమానంగా చూడమంటుంది. కర్మ మీదే అధికారం గానీ ఫలం మీద లేదంటుంది. స్వర్గాన్ని చూపించి లేవదీసిన మనిషిని ఆ మరుక్షణమే స్వర్గాన్ని లెక్కలోకి తీసుకోవద్దని అడగడం ఎలా పొసగుతుందన్నది వ్యాఖ్యాతలను ఇబ్బంది పెట్టిన ప్రశ్న.

శంకరాచార్యులు దీన్ని తప్పించుకోకుండా తేల్చారు. 39వ శ్లోకానికి అవతారిక రాస్తూ, స్వధర్మాన్ని గుర్తు చేసే ఆ శ్లోకాల్లో చెప్పినది అర్జునుడి శోకమోహాలను పోగొట్టడానికి తెచ్చిన లౌకిక న్యాయమని, అంటే లోకంలో మనుషులు ఒకరికొకరు చెప్పుకొనే తరహా యుక్తి అని, శాస్త్రం యొక్క తాత్పర్యం అది కాదని ఆయన స్పష్టంగా విడదీశారు. వీరస్వర్గం గురించి తెలుగునాట జరిగే ప్రసంగాల్లో ఈ చిన్న వాక్యం ఎప్పుడూ వినపడదు. దీన్ని ఒప్పుకుంటే, చచ్చిపోతే స్వర్గం అన్న మాట గీతలో ఉన్నా అది గీత బోధ కాదు. కుంగిపోయిన ఒక మనిషిని లేపి కూర్చోబెట్టడానికి స్నేహితుడు పలికిన మాట మాత్రమే. పైగా అదే గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో, పుణ్యం తరిగిపోగానే స్వర్గవాసులు తిరిగి మర్త్యలోకానికి రాక తప్పదని చెబుతుంది. కాలపరిమితి ఉన్న ఆ బహుమానం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టమని గీత చెప్పిందనడం, శంకరుల దృష్టిలో, గ్రంథాన్ని తలకిందులుగా చదవడమే.

స్మృతులు మాత్రం ఈ విషయంలో ఇంత సంకోచం చూపవు. పరాశర స్మృతి సూర్యమండలాన్ని భేదించుకొని పైకి పోగలవారు ఇద్దరే అని చెప్పి, ఒకడు యోగయుక్తుడైన సన్న్యాసి, రెండోవాడు రణంలో అభిముఖంగా చనిపోయినవాడు అంటుంది. అభిముఖం అంటే శత్రువుకు ఎదురుగా ముఖం పెట్టి ఉండడం. ఇక్కడ గమనించవలసింది, స్మృతి అడిగేది దెబ్బ ఎటు వైపు తగిలిందన్న ఒక్క విషయమే. ఎంతమందిని చంపాడని గానీ, యుద్ధం గెలిచారా అని గానీ అది అడగదు. ఒకచోట సర్వం వదిలేసిన సన్న్యాసిని, మరోచోట చేతిలో కత్తి వదలని యోధుణ్ణి పక్కపక్కన నిలబెట్టడంలో ఒక సాహసం ఉంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది దేహం మీద ఆశ విడవడం ఒక్కటే. సన్న్యాసి దాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి సాధిస్తే, యోధుడు ఒక మధ్యాహ్నంలో సాధిస్తాడని స్మృతికారుడి ఊహ కావచ్చు.

తెలుగు, కన్నడ ప్రాంతాల్లోని వీరగల్లులు ఈ నమ్మకానికి రాతిరూపం. వీరగల్లు అంటే పోరులో చనిపోయినవాడి పేరిట నిలిపిన రాయి. ఊరి పశువుల మందను మళ్లించుకుపోతున్న దొంగలను అడ్డుకొని చనిపోయిన మామూలు మనుషులకు నిలిపినవే వాటిలో ఎక్కువ. ప్రసిద్ధమైన పద్ధతిలో రాయిని మూడు అంతస్తులుగా చెక్కుతారు. అడుగున పోరు, నడుమ అప్సరసలు వీరుణ్ణి రెండు వైపులా పట్టి ఎత్తుకుపోవడం, పైన కైలాసంలో అతడు శివలింగం ముందు కూర్చొని ఉండడం. అడుగు అంతస్తులో వీరుడి ముఖం, ఆయుధం, ఎదుటి గుర్రం, కింద పడ్డ మనుషులు ఒక్కో రాయికి ఒక్కో విధంగా ఉంటే, పై రెండు అంతస్తులు దాదాపు అన్ని రాళ్లలోనూ ఒకేలా ఉంటాయి. అంటే శిల్పికి ఆ మనిషి గురించి తెలిసింది అడుగు భాగమే, మిగతా రెండూ ఊరి ఆచారం అందించిన నమూనా. స్వర్గం చెక్కించిన ఖర్చు కూడా బతికి ఉన్నవాళ్లదే. దానితోపాటు చనిపోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చినట్టు చెప్పే శాసనాలు ఉండడం, ఆ రాళ్లు నిలిపినవాళ్లకు స్వర్గం ఒక్కటే సరిపోదని తెలుసునని చూపిస్తుంది.

పల్నాటి కారంపూడిలో మరో దారి కనిపిస్తుంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడినవారిని అక్కడ ఏటా కార్తీక మాసంలో ఐదు రోజుల పాటు ఆరాధిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. యుద్ధకథలోని ఘట్టాలే తిథులుగా మారి, వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను నాగులేటి నీటిలో కడిగి పూజిస్తారు. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు, మాల కన్నమదాసు సేనానిగా నిలిచిన తీరు ఆ ఆరాధనలో భాగంగా నేటికీ చెప్పుకుంటారు. అక్కడ వీరుడు స్వర్గానికి వెళ్లి సుఖపడుతున్నాడన్న ఊసు కంటే, ఇక్కడే ఉండి జనాన్ని కనిపెట్టుకొని ఉన్నాడన్న నమ్మకం బలమైనది. ఈ రెండింటికీ మధ్య తేడా చిన్నది కాదు. స్వర్గంలో ఉన్నవాడు తన పుణ్యాన్ని తాను అనుభవించే భోక్త, దేవుడైనవాడు ఇతరులకు ఇచ్చే దాత. అరుణాచల్ ప్రదేశ్‌లో సేలా నుంచి తవాంగ్ వెళ్లే దారిలో, 1962 నవంబరులో నూరానాంగ్ వద్ద చనిపోయి మరణానంతరం మహావీర చక్ర పొందిన గఢ్వాల్ రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ పేరిట ఉన్న మందిరంలో సైనికులు ఆయనకు పక్క పరచడం, టీ పెట్టడం, బూట్లు తుడవడం, పదోన్నతులు ఇవ్వడం ఈ రెండో తరహా నమ్మకమే. అక్కడ చనిపోయిన సైనికుడికి స్వర్గం ఇవ్వలేదు; కొలువు కొనసాగించారు. వేదాంతికి ఇది మూఢనమ్మకంగా తోచవచ్చు గానీ, ఆ సైనికుడు ఫలం ఆశించి చనిపోలేదన్న సంగతిని స్వర్గవాదం కంటే ఈ ఆచారమే ఎక్కువ గౌరవిస్తుందని చెప్పక తప్పదు.

ఈ సంప్రదాయం అంతటికీ ఎదురునిలిచే సమాధానం పాలీ బౌద్ధ వాఙ్మయంలో, సంయుత్త నికాయంలో ఉంది. యుద్ధమే వృత్తిగా గల ఒక నాయకుడు బుద్ధుడి దగ్గరకు వచ్చి, పోరులో ఉత్సాహంతో పోరాడి చనిపోయినవాడు, అలా చనిపోయినవారి కోసమే ఉన్న దేవలోకంలో పుడతాడని తన గురుపరంపర చెప్పిందని, దీనిపై ఆయన అభిప్రాయం ఏమిటని అడుగుతాడు. బుద్ధుడు రెండుసార్లు ఆ ప్రశ్న వదిలేయమంటాడు. మూడోసారి అడిగినప్పుడు, ఎదుటివారు చావాలి, నశించాలి అనే భావంతో మనసు చెడి ఉన్న స్థితిలో చనిపోయినవాడికి దక్కేది నరకమని చెబుతాడు. నాయకుడు ఏడుస్తాడు. బుద్ధుడి మాట కఠినంగా ఉన్నందుకు కాక, ఇన్నాళ్లూ పూర్వగురువులు తనను మోసం చేసినందుకు ఏడుస్తున్నానని అంటాడు. ఈ కథలో తరచూ చదువరుల దృష్టి దాటిపోయేది బుద్ధుడి మొదటి రెండు నిరాకరణలు. ఆయన ఈ సత్యాన్ని ప్రచారం చేయడానికి సిద్ధంగా లేడు. చనిపోబోయే వృత్తిలో ఉన్నవాడికి చెప్పవలసి రావడం ఆయనకు ఇష్టం లేదు. బౌద్ధానికి కర్మ అంటే చేతన, అంటే పని వెనుక ఉన్న సంకల్పం. కాబట్టి స్మృతి దేహం ఎటు తిరిగి ఉందని అడిగితే, బుద్ధుడు మనసు ఎటు తిరిగి ఉందని అడుగుతాడు.

ఈ రెండో కొలతతో చూసినప్పుడు బద్గాంలోని ఒక సంగతి బరువెక్కుతుంది. ఆనాటి మధ్యాహ్నం మొదటి కాల్పులు పల్లెలోని ఇళ్ల వైపు నుంచే వచ్చాయి. ఎదురుకాల్పులు జరిపితే ఇళ్లలోని స్త్రీలకు, పిల్లలకు ప్రాణహాని కలుగుతుందని శర్మ పై అధికారికి వైర్‌లెస్‌లో తన సంకోచం చెప్పాడు. ప్రశంసాపత్రంలో ఈ సంగతి లేదు. పతకం కొలిచేది ఎదురొడ్డి నిలవడాన్ని కాబట్టి, తుపాకీ పేల్చకుండా ఆగిన ఆ కొన్ని నిమిషాలకు అందులో చోటు లేకపోవడంలో వింత లేదు. అయినా చేతనను కొలతగా తీసుకున్నవాడికి ఆ మధ్యాహ్నంలో అన్నిటికంటే విలువైన సాక్ష్యం అదే. ఇంతమాత్రాన బౌద్ధ తీర్పు నుంచి ఆయనను సులువుగా తప్పించామనుకోవడం కూడా నిజాయితీ కాదు. ఆయన చివరి పని తూటాలు నింపడం, ఆ తూటాలు మనుషులను చంపడానికే. చంపే చేతికి అందించేవాడికీ పాపంలో వాటా ఉందని వైదిక, బౌద్ధ సంప్రదాయాలు రెండూ ఒప్పుకుంటాయి. నగరాన్ని, అందులోని జనాన్ని కాపాడాలన్న సంకల్పం, ఎదుటివాడు చావాలన్న సంకల్పం ఒకే మనసులో ఒకే క్షణంలో ఎలా ఉంటాయో, వాటిలో ఏది కర్మగా నిలుస్తుందో తేల్చగల కొలబద్ద ఏ శాస్త్రం దగ్గరా ఉన్నట్టు కనిపించదు.

మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రజ్ఞులు, ఈ విషయాన్ని మరో కోణం నుంచి చూడడానికి పనికివచ్చే రెండు సూత్రాలు అందించారు. ఒకటి విశ్వజిన్న్యాయం. విశ్వజిత్ అనే యాగం చేయమని వేదం చెప్పింది గానీ దానికి ఫలం ఏమిటో చెప్పలేదు. ఫలం లేని పనికి ఎవరూ పూనుకోరు కాబట్టి ఏదో ఒక ఫలాన్ని ఊహించాలి, ఊహించేటప్పుడు అందరూ సమానంగా కోరేది స్వర్గం కాబట్టి దానినే ఊహించాలి అని మీమాంసా సూత్రకర్త జైమిని నిర్ణయించాడు. చెప్పని ఫలాన్ని పూరించవలసిన ఖాళీలో పెట్టిన పేరు స్వర్గం అన్నమాట. యుద్ధంలో చనిపోయినవాడి విషయంలో సమాజం చేసేదీ ఇదే. ఇరవై నాలుగేళ్ల మనిషి అలా చనిపోయినప్పుడు, ఆ పనికి ఫలం లేదని ఒప్పుకోవడం బతికి ఉన్నవాళ్లకు సాధ్యం కాదు. ఖాళీ భరించరానిది కాబట్టి దానికి స్వర్గం అని పేరు పెడతారు. అలా పెట్టడం తప్పని జైమిని కూడా అనడు. కానీ అది చేసినవాడు కోరిన ఫలమో, వాక్యం చదివినవాడు పూరించిన ఫలమో మరచిపోకూడదు.

రెండో సూత్రం మరింత సూటిగా తగులుతుంది. శాస్త్రం విధించిన పనికి ఫలం ఆ పని చేసేవాడికే చెందుతుందని మీమాంస సాధారణ నియమం. శ్రాద్ధం దీనికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది, ఎందుకంటే పిండం పెట్టేది కొడుకు, తృప్తి పొందవలసింది తండ్రి. చార్వాకులు ఇక్కడే పట్టుకొని, ఇక్కడ పెట్టిన అన్నం పరలోకంలో ఉన్నవాడికి చేరేటట్టయితే ప్రయాణం పోయేవాడికి దారిబత్తెం ఎందుకని హేళన చేశారు. ఆ హేళనకు సంప్రదాయం ఇచ్చిన సమాధానాలు పలు విధాలు. వాటి జోలికి ఇక్కడ పోనక్కరలేదు. పతకానికి ఆ నియమాన్ని అన్వయిస్తే తేలేది ఇది. గౌరవించడం అనే పని చేసేది రాజ్యం, సమాజం. కాబట్టి దాని ఫలం, అది ఏదైనా సరే, వారికే. చనిపోయిన సైనికుడి ఖాతాలో అది ఒక్క పైసా కూడా జమ కాదు. గాల్వన్ లోయలో 2020 జూన్ 15న మరణించిన సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్‌బాబుకు ప్రకటించిన మహావీర చక్రను 2021 నవంబరులో ఆయన భార్య, తల్లి కలిసి రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నప్పుడు, ఆ పతకం ఆయనకు చేరిందని చెప్పడం మర్యాదకు చెప్పే మాట. చేరింది వారికే, ఇచ్చినందువల్ల తన అప్పును బాహాటంగా ఒప్పుకున్నది రాజ్యం.

అప్పు అన్న ఈ ఆలోచన పరమవీర చక్ర రూపులోనే ఉంది. స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారి విక్రమ్ ఖానోల్కర్‌ను పెళ్లాడి, ఈ దేశపు పురాణాలను శ్రద్ధగా చదువుకున్న సావిత్రి ఖానోల్కర్ ఆ పతకాన్ని రూపొందించారు. కంచు బిళ్ల మీద మధ్యలో రాజ్యచిహ్నం, చుట్టూ ఇంద్రుడి వజ్రాయుధం నాలుగు దిక్కులా ఉంటాయి. ఆమె పెద్దకూతురి భర్తకు అన్న సోమనాథ్ శర్మ కావడం కేవలం కాకతాళీయం. వజ్రాయుధం కథ అందరికీ తెలిసిందే. వృత్రాసురుణ్ణి చంపడానికి ఆయుధం లేక దేవతలు దధీచి మహర్షి దగ్గరకు వెళ్లి, ఆయన దేహాన్నే యాచిస్తే, ఆయన యోగంతో ప్రాణం విడిచి ఇచ్చిన ఎముకలతో విశ్వకర్మ వజ్రం చేశాడు. తెలుగు భాగవతంలో ఈ కథ ఉన్న ఆరో స్కంధం ఏర్చూరి సింగన రచన. సాధారణంగా ఈ కథను త్యాగానికి ఉదాహరణగా చెప్పి అక్కడితో ఆపేస్తారు.

ఆగకుండా చదివితే కథ మరోలా సాగుతుంది. దధీచికి దేవతలు ప్రతిఫలంగా ఏమీ ఇవ్వలేదు. ఆయన అడగలేదు కూడా. నశించిపోయేదే అయిన దేహాన్ని ఇతరుల కోసం వాడనివాడు శోచనీయుడన్న తాత్త్విక నిర్ణయం ఒక్కటే ఆయనకున్న ఆధారం. గెలిచిన ఇంద్రుడి పరిస్థితి మాత్రం దారుణం. వృత్రవధతో బ్రహ్మహత్యాదోషం అతణ్ణి వెంటాడింది. వెయ్యేళ్లు తామరతూడులో దాక్కొని, చివరకు అశ్వమేధం చేసి గానీ బయటపడలేదు. ఎముక ఇచ్చినవాడికి పాపం అంటలేదు, ఎముకను ఆయుధంగా విసిరినవాడికి అంటింది. ఈ కథను పతకం మీదకు తెచ్చినప్పుడు సావిత్రి ఖానోల్కర్ మనసులో ఇంత దూరం ఉందో లేదో గానీ, కథను ఆశ్రయించిన బొమ్మ దాని అర్థాన్ని కూడా మోసుకువస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే సైనికుడు దధీచి, అతణ్ణి పంపిన రాజ్యం ఇంద్రుడు. ప్రాయశ్చిత్తం బాధ్యత ఎవరిదో పురాణం దాచిపెట్టలేదు.

ఇంతవరకు చూసిన వాదాల నుంచి ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. స్వర్గం అన్న మాట యుద్ధానికి ముందు పలికినప్పుడు ఒక అర్థం, తర్వాత పలికినప్పుడు మరో అర్థం ఇస్తుంది. ముందు పలికితే అది ఎర. బుద్ధుడి దగ్గర ఏడ్చిన నాయకుడికి ఆ ఎర వేసినవారు అతడి గురువులే. శంకరులు దాన్ని తాత్పర్యం కాదని పక్కనపెట్టడానికి కారణం కూడా అది ఫలాశను రెచ్చగొట్టడమే. తర్వాత పలికితే అది శోకోపశమనం. వీరగల్లు మీది పై రెండు అంతస్తుల్లాగా, తెలియని చోట ఊరు నింపిన బొమ్మ. రెండో వాడుకను నిందించనక్కరలేదు. కానీ రెండోదాన్ని చూపించి మొదటిదానికి మనుషులను కూడగట్టడం, ఒకరి మరణం మీద కట్టిన స్వర్గాన్ని ఇంకొకరిని పంపడానికి ద్వారంగా చేయడం, ఏ శాస్త్రంలోనూ సమర్థన దొరకని పని. నేటి వేదికల మీద ఈ రెండూ ఎంత తేలికగా కలిసిపోతున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

ఈ దృష్టితో శర్మ ప్రశంసాపత్రాన్ని మళ్లీ చదివితే అది చాలా నిగ్రహంగా రాసిన పత్రమని తెలుస్తుంది. అందులో స్వర్గం లేదు, అమరత్వం లేదు, ఆయన ఎంతమందిని చంపాడన్న లెక్క లేదు. ఎక్కడ నిలిచాడు, ఎవరికి ఎదురుగా నిలిచాడు, చేతికి ఏముంది, ఆ చేతితో ఏం చేశాడు అన్న వరసలో సాగి, తూటాల కుప్ప మీద గుండు పడడంతో ఆయన కథ ముగుస్తుంది. కానీ పత్రం అక్కడ ఆగదు. శత్రువు ముందడుగు ఆరు గంటలు ఆలస్యమైందని, ఈలోగా అదనపు దళాలు శ్రీనగర్‌కు వెళ్లే దారిలోని హుంహుం వద్ద నిలదొక్కుకున్నాయని, ఒకరికి ఏడుగురుగా ఉన్న శత్రువుతో ఆయన మనుషులు ఆయన పోయిన తర్వాత కూడా ఒక గంట సేపు పోరాడారని అది చెబుతుంది. మీమాంస నియమం ప్రకారం పనికి ఫలం చేసినవాడిదే అయితే, ఆ గంట ఫలం శర్మది కాదు. ఆయన చూడని ఆ సాయంత్రం ఆ పల్లె అంచున మిగిలి, పత్రంలో ఒక్కరి పేరూ లేకుండా ఉన్న ఆ కుమావూ సిపాయిలది.